తాళం ఉంది సరే.. తాళంచెవి ఏదీ?

కొత్తపేట దాటి రావులపాలెం వైపు కాలువ గట్టు రోడ్డున ఒక కారు వస్తోందనుకోండి. వేళ రాత్రి పదకొండు గంటలు. వెనుక సీట్లో నొప్పులు పడుతున్న ఇంటి ఆడపడుచు, పక్కన ఆమె తల్లి. రాజమండ్రి ఆసుపత్రికి ప్రయాణం. చీకట్లో గొయ్యి కనబడలేదు. చక్రం అందులో పడి లేచేసరికి టైరు పక్క చీలి కూర్చుంది. అయినా కంగారు పడవలసిన పని లేదు. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. దారిన పోయే ఆటో ఆగింది. తలో చెయ్యీ వేశారు. మూడు నట్లు చకచకా వచ్చాయి. నాలుగోది మాత్రం రాలేదు. పానా దానికి పట్టుకోవడమే లేదు.

“దీనికి వేరే తాళం ఉండాలండి. అది ఇలా ఇవ్వండి,” అంటాడు ఆటో కుర్రవాడు.

“తాళమా? ఇదిగోనయ్యా!” అంటూ ఇంటి పెద్దాయన కారు తాళంచెవి తీసి అతని చేతిలో పెడతాడు.

ఇది ఫలానా ఊరిలో ఫలానా వారికి జరిగిన సంగతి అని చెప్పవలసిన పని లేదు. ఇటువంటి కారు ఉన్న ఏ ఇంటికైనా జరగవచ్చు. ఆ నాలుగో నట్టుకు ప్రత్యేకమైన తాళంచెవి ఒకటి ఉంటుందని కారు కొన్నవారికి తెలియదు. తెలిసినవారికి అది ఎక్కడ ఉందో తెలియదు. ఈ రెండూ తెలిసినవారు ఆ రాత్రి కారులో ఉండరు. లక్షలు పోసి కొన్న బండి బొటనవేలంత ఇనుప ముక్క లేక గట్టు మీద నిలిచిపోతుంది.

ఏమిటీ లాకు నట్టు?

మామూలు చక్రం నట్టుకు ఆరు పలకలు ఉంటాయి. పంతొమ్మిది నెంబరు గాని, ఇరవై ఒకటి నెంబరు గాని పానా ఉంటే మన ప్రాంతంలో తిరిగే చాలా కార్ల చక్రాలు ఎక్కడైనా విప్పవచ్చు. పాలకొల్లులో బిగించిన నట్టును మండపేటలో విప్పవచ్చు. దొంగ కూడా విప్పవచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది.

దొంగకు అడ్డుగా పుట్టినదే లాకు నట్టు. చక్రానికి ఉన్న నాలుగు లేక అయిదు నట్లలో ఒకదాన్ని తీసి దాని స్థానంలో దీన్ని బిగిస్తారు. దీని పైభాగం నున్నగా, గుండ్రంగా ఉంటుంది. ఏ పానాకూ పట్టు దొరకదు. తల మీద మాత్రం వంకరటింకర గాడి ఒకటి చెక్కి ఉంటుంది. ఆ గాడికి సరిగ్గా సరిపోయే గట్లున్న చిన్న ఉక్కు ముక్కే దీని తాళంచెవి. దాన్ని ఒక వైపు నట్టు గాడిలో కూర్చోబెట్టి, రెండో వైపున ఉన్న పలకలకు మామూలు పానా తగిలించి తిప్పాలి. కొన్ని రకాలలో నట్టు చుట్టూ ఒక వలయం కూడా ఉంటుంది. పట్టకారుతోనో, సాకెట్టుతోనో గట్టిగా పట్టి తిప్పబోతే ఆ వలయమే గిర్రున తిరుగుతుంది తప్ప నట్టు కదలదు.

గాడి అన్ని కార్లకూ ఒకేలా ఉండదు. అందుకే పక్కింటి వారి కారులో ఉన్న తాళంచెవి మన కారుకు పట్టకపోవచ్చు. నట్లతో పాటు వచ్చే చీటీ మీదనో, తాళంచెవి మీదనో ఒక నెంబరు ఉంటుంది. ఆ నెంబరు చెబితే కంపెనీ ద్వారా మరొకటి తెప్పించుకోవచ్చు. నెంబరు లేకపోతే ఏ గాడో కనిపెట్టడం షోరూము వారికి కూడా వెతుకులాటే అవుతుంది.

దొంగల భయం ఉత్తది కాదు

ఈ నట్టు ఎందుకు వచ్చిందని ప్రశ్నించేవారు ఉన్నారు. కారణం లేకపోలేదు. పాత కార్లకు ఇనుప డిస్కులు ఉండేవి. వాటిని ఎత్తుకుపోయినా దొంగకు పెద్దగా గిట్టుబాటు అయ్యేది కాదు. అల్యూమినియం కలిసిన మిశ్రమ లోహపు చక్రాలు, అంటే అందరూ అల్లాయ్ వీల్సు అనేవి, వచ్చాక పరిస్థితి మారింది. అవి చూపుకు అందంగా ఉంటాయి, ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతుంది. విప్పితే అమ్ముడుపోతుంది. తెల్లవారి లేచి చూసేసరికి కారు ఇటుకల మీద నిలబడి ఉండి, నాలుగు చక్రాలూ మాయమైన దొంగతనాలు మహానగరాలలో జరుగుతున్నాయి. అపార్టుమెంటు ముందు వీధిలో కారు నిలిపి పడుకునే వారికి లాకు నట్టు అవసరమే.

డెల్టా పల్లెలో పరిస్థితి వేరు. ఇక్కడ కారు పెరట్లోనో, పాకలోనో, అరుగు పక్కనో ఉంటుంది. రాత్రి కుక్క మొరిగితే నాలుగిళ్ల వారు లేస్తారు. రైతుకు దొంగల బెడద లేదని కాదు. ఆ దొంగ చూపు పొలంలోని మోటారు మీద, రాగి తీగ మీద, చెరువు గట్టున ఉన్న సరంజామా మీద ఉంటుంది. ఇనుప డిస్కులున్న కారుకు లాకు నట్టు వేయించడం గడ్డివాముకు ఇనప్పెట్టె కట్టించడం వంటిది.

మరి ఈ నట్లు పల్లెకు ఎలా వచ్చాయి? చాలావరకు కారుతో పాటే వచ్చాయి. కొన్ని కార్లకు కంపెనీయే బిగించి ఇస్తుంది. కొన్నింటికి కొత్త కారు అమ్మేటప్పుడు అదనపు సామానుల జాబితాలో చేర్చి ఇస్తారు. హైదరాబాదులోనో, విజయవాడలోనో వాడిన కారు చేతులు మారి భీమవరం, ఆకివీడు, అమలాపురం ప్రాంతాలకు వస్తుంది. నగరం దొంగకు భయపడి నగరం యజమాని వేయించుకున్న నట్టు పల్లెకు చేరుతుంది. తాళంచెవి మాత్రం నగరంలోనే ఉండిపోతుంది.

లాకు అంటే తెలియని వారా?

లాకు అనే మాట గోదావరి జిల్లాల వారికి కొత్త కాదు. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు కాలువలు వచ్చాయి, కాలువలతో పాటు లాకులు వచ్చాయి. ధవళేశ్వరం లాకులు, విజ్జేశ్వరం లాకులు, లొల్ల లాకులు అంటూ ఊళ్ల ఆనవాళ్లు చెప్పుకోవడానికి కూడా ఆ మాటే వాడుకైపోయింది. నీరు ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట తలుపులు కట్టి, పడవ లోనికి వచ్చాక ఒక తలుపు మూసి, నీటి మట్టం సరిచేసి, రెండో తలుపు తెరిచి పడవను అవతలకు పంపడమే లాకు చేసే పని. కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలువల మీద పడవలు నడిచిన రోజులలో ఈ లాకులే దారి చూపాయి.

ఆ లాకు నీటిని ఆపుతుంది, పడవను దాటిస్తుంది. ఆపవలసినదాన్ని ఆపి, పోవలసినదాన్ని పోనిస్తేనే అది లాకు. అందుకే దాని దగ్గర మనిషిని పెట్టారు. తలుపులు తిప్పే సరంజామా ఎవరి చేతిలో ఉన్నదీ అందరికీ తెలిసేది. మనిషి మారితే సరంజామా కొత్తవాని చేతికి అప్పగించేవారు. తలుపులు తెరిచే దారి తెలియని లాకు కాలువకు అడ్డుగోడ తప్ప మరొకటి కాదు.

కారు చక్రానికి ఉన్న లాకు సంగతీ ఇంతే. దొంగను ఆపాలి, యజమానిని పోనివ్వాలి. తాళంచెవి పోయిననాడు ఇది తలకిందులవుతుంది. సరంజామాతో వచ్చే దొంగకు తీరిక ఉంటుంది, ఓపిక ఉంటుంది, నట్టు పాడైనా చక్రానికి గీతలు పడినా అతనికి చింత లేదు. రోడ్డు మీద నిలిచిపోయిన యజమానికి ఇవేవీ ఉండవు. కంచే చేను మేసిందన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది.

చెవి ఎక్కడ తప్పిపోతుంది?

ఈ ఇనుప ముక్క గాలిలో కలిసిపోదు. పోయే దారులు నాలుగే.

మొదటిది అమ్మకం. పాత కారు కొనేటప్పుడు మనవారు చాలా జాగ్రత్తపరులు. ఆర్‌సీ చూస్తారు, బీమా చూస్తారు, 29వ ఫారం, 30వ ఫారం మీద సంతకాలు చేయించుకుంటారు, అప్పు తీరిన కాగితం అడుగుతారు. కారు తాళంచెవులు రెండూ ఇవ్వమని పట్టుబడతారు. స్టెప్నీ ఉందా, జాకీ ఉందా అని డిక్కీ ఎత్తి చూస్తారు. చక్రం నట్టు తాళంచెవి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అమ్మేవానికి గుర్తు రాదు, కొనేవానికి తెలియదు, మధ్యవర్తికి తన కమీషను సంగతి తప్ప మరొకటి పట్టదు.

రెండోది సర్వీసు. చక్రాలు ముందువి వెనక్కి మార్చడానికో, బ్రేకులు చూడడానికో షెడ్డులో చక్రాలు విప్పుతారు. తాళంచెవి పానాకు గుచ్చి ఉంటుంది. పని అయ్యాక పానా గోడకు చేరుతుంది, దానితో పాటే తాళంచెవీ చేరుతుంది. కారు కడిగి, తుడిచి, బిల్లు ఇచ్చి పంపుతారు. ఆ ముక్క ఏ కారుదో సాయంత్రానికి షెడ్డులో ఎవరికీ తెలియదు.

మూడోది పంక్చరు షాపు. అక్కడ పని తొందర మీద సాగుతుంది. నట్లు నేల మీద, టోపీలు బకెట్టులో, తాళంచెవి టైరు కింద. తప్పు అంతా షాపు వానిదని అనలేము. డబ్బు చేతిలో పెట్టి కారు ఎక్కే యజమాని ఒక్క నిమిషం వంగి చూసుకోడు.

నాలుగోది ఇల్లు. భద్రంగా ఉంచాలని బీరువాలో పెడతారు. కారు ఇంటి దగ్గర ఉండి చక్రం రావులపాలెంలో చీలదు కదా! బీరువాలో ఉన్న తాళంచెవి ప్రయాణంలో లేనట్టే లెక్క. మరికొందరి ఇళ్లలో అది పిల్లల చేతిలో పడి, బొంగరాల పక్కన చేరి, ఆనక చెత్తబుట్టకు పోతుంది.

ఇది ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి మరో కారణం కూడా ఉంది. ట్యూబు టైర్ల కాలంలో చిన్న మేకు దిగినా చక్రం విప్పక తప్పేది కాదు. కాబట్టి నట్ల సంగతి నెలకో రెండు నెలలకో తెలిసేది. ట్యూబులెస్ టైర్లు వచ్చాక మేకు పీకి, రబ్బరు పురి దూర్చి, చక్రం విప్పకుండానే పంక్చరు వేస్తున్నారు. అది సౌకర్యమే. కాని దాని వల్ల తాళంచెవి పని రెండేళ్లు, మూడేళ్లు పడదు. పని పడని వస్తువును మనిషి మరచిపోవడం సహజం. టైరు పక్క చీలిన రోజున రబ్బరు పురి పనికి రాదు. ఆ రోజే అది గుర్తుకు వస్తుంది.

పూరీ నేర్పిన పాఠం

తాళంచెవి పోవడం పల్లెటూరి వారి అజాగ్రత్త అని ఎవరైనా తేలికగా మాట్లాడితే వారికి పూరీ సంగతి గుర్తు చేయాలి. జగన్నాథస్వామి ఆలయ రత్నభాండారం కంటే భద్రమైన చోటు ఏది ఉంటుంది? 2018 ఏప్రిల్ 4న ఆ భాండారం కట్టడాన్ని పరిశీలించడానికి అధికారుల బృందం వెళ్లింది. లోపలి గది తాళంచెవులు లేవని తేలింది. ఒడిశా అంతటా పెద్ద అలజడి లేచింది. న్యాయ విచారణ సంఘాన్ని కూడా వేశారు. ఆ ఏడాది జూన్‌లో నకలు తాళంచెవులని రాసి ఉన్న కవరు ఒకటి దొరికిందన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆరేళ్ల తరువాత, 2024 జూలై 14న, లోపలి గదిని తెరవబోతే ఆ నకలు చెవులు పట్టలేదు. చివరకు తాళాలు పగలగొట్టి లోనికి వెళ్లవలసి వచ్చింది.

రాజులు, కలెక్టర్లు, పాలక మండళ్లు కాపలా ఉన్న చోటనే ఇలా జరిగితే మామూలు సంసారి సంగతి చెప్పేదేమిటి? ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. చేతులు మారేటప్పుడు లెక్క రాసి అప్పగించని తాళంచెవి ఉన్నా లేనట్టే. పట్టి చూడని నకలు చెవిని నమ్ముకోరాదు.

చెవి లేకుండా విప్పితే

తాళంచెవి లేకపోయినా నట్టు రాదని కాదు. వస్తుంది, కాని ఏదో ఒకటి పోగొట్టుకుని వస్తుంది. అనుభవం ఉన్న మెకానిక్కు కాస్త చిన్న సాకెట్టును నట్టు తల మీద సుత్తితో దిగగొట్టి, పొడవాటి పానాతో తిప్పి తీస్తాడు. ఇందుకని ఎడమ వైపు మరలున్న ప్రత్యేక సాకెట్లు కూడా ఉన్నాయి. తిప్పేకొద్దీ అవి నట్టును కరచి పడతాయి. అదీ కుదరకపోతే నట్టు తల మీద మరో నట్టును వెల్డింగు చేసి తిప్పుతారు. చివరి మార్గం డ్రిల్లుతో తొలచడం.

ప్రతిదానికీ మూల్యం ఉంది. సుత్తి దెబ్బలు చక్రం లోపలి బేరింగు మీద పడతాయి. చెయ్యి తప్పితే అల్లాయ్ చక్రం మీద గంట్లు పడతాయి. డ్రిల్లు దారి తప్పితే స్టడ్డు పోతుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటి గ్రామాలలో వెల్డింగు షాపుల వారు గట్టిగా గుర్తుంచుకోవాలి. టైరు బిగించి ఉన్న చక్రం మీద గ్యాసు మంట గాని, వెల్డింగు గాని పెట్టడం ప్రాణాపాయం. ఆ వేడికి లోపల రబ్బరు మాడి ఆవిరులు పుట్టి, ఒత్తిడి పెరిగి టైరు బాంబులా పేలవచ్చు. మంట ఆర్పిన తరువాత కూడా పేలే ప్రమాదం ఉంది. ఒక నట్టు కోసం మనిషిని పోగొట్టుకోవడం ఎంత అవివేకం! వెల్డింగు తప్పనిసరి అయితే రోడ్డు పక్కన చేయరాదు. ఆ పని తెలిసిన షెడ్డుకు కారును లాగించడమే మేలు.

ఎయిర్ గన్ను వాడకం మరో చిక్కు. మామూలు కారు చక్రం నట్టుకు కావలసిన బిగింపు సుమారు వంద న్యూటన్ మీటర్లు. అంటే మీటరు పొడవున్న కడ్డీ చివర పది కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బిగుస్తుందో అంత. ఎయిర్ గన్నుతో అంతకు ఎన్నో రెట్లు బిగించి వదిలేసే షాపులు లేకపోలేదు. అలా బిగించిన లాకు నట్టును విప్పబోతే తాళంచెవి గట్లు పుటుక్కున విరుగుతాయి. అప్పుడు తాళంచెవి చేతిలోనే ఉంటుంది, పనికి మాత్రం రాదు. కాబట్టి లాకు నట్టును చేతి పానాతోనే విప్పాలి, చేతి పానాతోనే బిగించాలి.

సముద్ర తీరపు గ్రామాలకు తుప్పు బాధ అదనం. అంతర్వేది, మొగల్తూరు, ఉప్పాడ వైపు ఉప్పు గాలి, చెరువుల దగ్గర ఉప్పు నీరు ఇనుమును తినేస్తాయి. ఏళ్ల తరబడి విప్పని నట్టు మరలలో తుప్పు పట్టి చక్రానికి అతుక్కుపోతుంది. అక్కడి వారు ఆరు నెలలకొకసారైనా చక్రాలు విప్పించి, మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేయించుకోవడం మంచిది.

ఎవరు ఏమి చేయాలి?

ఇది ఒక్కరి తప్పు కాదు కనుక బాధ్యత కూడా ఒక్కరిది కాదు.

కారు ఉన్నవారు ముందుగా తమ చక్రాలను వంగి చూసుకోవాలి. నట్లన్నీ ఒకేలా ఉంటే చింత లేదు. ఒకటి వేరుగా, గుండ్రంగా కనిపిస్తే దాని తాళంచెవి కోసం ఆ రోజే వెతకాలి. డ్యాష్‌బోర్డు సొరుగులో, జాకీ సంచిలో, స్టెప్నీ గుంటలో చూడాలి. దొరికితే ఇంటి దగ్గరే పగటి పూట నాలుగు నట్లకూ పట్టి చూసి, ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించాలి. దాని మీది నెంబరును ఆర్‌సీ నకలు ఉన్న కాగితాలతో పాటు రాసి ఉంచాలి, ఫోనులో ఫొటో తీసుకోవాలి. తాళంచెవికి ఎర్ర గుడ్డ ముక్క కట్టి జాకీ సంచిలోనే పెట్టాలి. కారు నడిపే ప్రతి వారికీ, బదులు తీసుకుపోయే బావమరిదికి కూడా ఆ చోటు చెప్పాలి.

దొరకకపోతే రోడ్డు మీద అవసరం పడే దాకా ఆగడం తెలివి కాదు. మంచి షెడ్డుకు తీసుకువెళ్లి నట్లు తీయించాలి. కొన్ని కంపెనీల గాడి నమూనాలు పదుల సంఖ్యకు మించవు కాబట్టి కొన్ని షోరూములలో అన్ని రకాల తాళంచెవులున్న పెట్టె ఉంటుంది. అక్కడ అడిగితే చక్రం పాడవకుండా పని జరగవచ్చు. తీయించాక మళ్లీ లాకు నట్లు వేయించాలా వద్దా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి. ఇంటి పాకలో కారు ఉంచుకునే వారికి మామూలు నట్లు చాలు. నగరాలలో రాత్రుళ్లు నిలపవలసిన వారు వేయించుకోవచ్చు. కాని రెండు తాళంచెవులు తీసుకోవాలి.

పాత కారు కొనేవారు బేరం తెగే ముందు చక్రం నట్టు తాళంచెవిని చేతిలో పెట్టమని అడగాలి. లేదంటే నట్లు మార్పించి ఇమ్మనాలి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించాలి. ఎద్దును కొనేటప్పుడు పగ్గం అడిగి తీసుకోవడం మన ఆచారం. ఇదీ అటువంటిదే.

పాత కార్ల వ్యాపారులకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషను అధికారి ఇచ్చే అధీకృత పత్రం ఉండాలనే కేంద్ర నిబంధన అమలులోకి వచ్చింది. వ్యాపారం ఒక పద్ధతిలోకి రావాలన్నది దాని ఉద్దేశం. కారుతో పాటు అప్పగించే వస్తువుల జాబితాలో చక్రం నట్టు తాళంచెవిని కూడా చేర్చి, ఇద్దరి సంతకాలూ తీసుకుంటే వివాదాలకు తావు ఉండదు. రవాణా శాఖ అధికారులు ఈ మాట వ్యాపారులకు నచ్చజెప్పాలి. పైసా ఖర్చు లేని పని ఇది.

సర్వీసు షెడ్ల వారు కారు తీసుకునేటప్పుడు పెట్రోలు ఎంత ఉంది, ఏ గీత ఎక్కడ ఉంది అని రాసుకుంటారు. అదే కాగితం మీద మరో గడి పెట్టి తాళంచెవి తీసుకున్నదీ, తిరిగి ఇచ్చినదీ రాయడం పెద్ద శ్రమ కాదు. తాళంచెవి షెడ్డులోనే పోయిందని ఆధారం ఉంటే అది సేవాలోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. 1915 నెంబరుకు ఫోను చేసి సలహా కూడా అడగవచ్చు. అంత దూరం పోకుండానే సర్దుకునే మర్యాద ఇరువైపులా ఉంటే మరీ మంచిది.

పంక్చరు షాపు సోదరులు ఒక్క చిన్న అలవాటు చేసుకుంటే చాలు. డబ్బు తీసుకునే ముందు తాళంచెవిని యజమాని అరచేతిలో పెట్టి, “ఇదిగోనండి మీ నట్టు తాళం” అనాలి. అలా అనే షాపుకు జనం మళ్లీ మళ్లీ వస్తారు.

రోడ్డు మీద నిలిచిపోతే

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా చిక్కు రావచ్చు. అటువంటప్పుడు నట్టుతో కుస్తీ పట్టడం కంటే ముఖ్యమైన పనులు కొన్ని ఉన్నాయి. కారును వీలయినంత పక్కకు తీయాలి. వెనుక ఎర్ర త్రికోణం బోర్డు పెట్టాలి. మనుషులు రోడ్డు వైపు కాక గట్టు వైపు నిలబడాలి. కాని కాలువ అంచున చీకట్లో అడుగు చూసి వేయాలి. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోను చేయవచ్చు. 1974లో రాకపోకలకు తెరిచిన రాజమండ్రి, కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన వంటి ఇరుకు చోట ఒక్క కారు నిలిచిపోయినా వెనుక బారులు తీరుతాయి కాబట్టి అక్కడ వెంటనే పోలీసులకు కబురు చేయడం అందరికీ మేలు.

కారులో రోగి ఉంటే ఆలోచించడానికే వీలు లేదు. నాలుగో నట్టు రాలేదని తెలిసిన మరుక్షణం 108కి ఫోను చేయాలి. దారిన పోయే బండి ఆపి మనిషిని ఎక్కించి పంపాలి. కారు తెల్లవారే దాకా గట్టు మీద ఉన్నా నష్టం లేదు.

అయినా ఆ పరిస్థితి తెచ్చుకోవడం దేనికి? పొద్దున్నే కారు తుడిచేటప్పుడు నాలుగు చక్రాల దగ్గరా ఒక్కసారి వంగి చూడడానికి పట్టేది రెండు నిమిషాలు. వేరుగా కనిపించే నట్టుకు తాళంచెవి చేతిలో ఉందా లేదా అని అడగడానికి పట్టేది ఒక్క మాట. నొప్పులు పడుతున్న ఆడపడుచు వెనుక సీట్లో ఉన్న రాత్రి ఆ రెండు నిమిషాలు తిరిగి రావు. కారు ఉన్న ప్రతి ఇంటివారూ ఆ పని ఈ రోజే చేయడం మంచిది.